ముక్కూ కాళ్ళే కనిపించిన అమ్మాయి

ఆడపిల్లల రూపం మీద సమాజం పెట్టే ఆంక్షల గురించి వచ్చిన కవితల్ని మనం ఎక్కువగా సందేశం చూసి మెచ్చుకుంటాం. ‘ఒంటి తీరును బట్టి మనిషికి విలువ కట్టకూడదు’ అన్న మాట న్యాయమైనదే కానీ, ఆ మాట ఉపన్యాసమూ చెప్పగలదు. కవిత ప్రత్యేకంగా చేసే పని వేరే ఉంది. ఆ ఆంక్షలు పెట్టేవాళ్ళ గొంతునే అది మనకు వినిపిస్తుంది. అందులో మన గొంతు కూడా కలిసి ఉందేమోనని తడుముకునేలా చేస్తుంది. ఇలాంటి కవితల్ని ఆస్వాదించాలంటే ముందుగా అందులో మాట్లాడుతున్నది ఎవరో గమనించాలి.

అమెరికన్ కవయిత్రి మార్జ్ పియర్సీ 1970ల తొలినాళ్ళలో రాసిన ‘బార్బీ డాల్’ ఇందుకు మంచి ఉదాహరణ. 1959లో బజారుకొచ్చిన బొమ్మ పేరు అది. ఇరవై అయిదు పాదాల ఈ వచన కవితలో అమ్మాయికి పేరే లేదు. చిన్నప్పుడు ఆమె చేతికి బొమ్మలూ, ఆటపొయ్యిలూ, లిప్‌స్టిక్కులూ ఇస్తారు. ఈడొచ్చాక తోటి విద్యార్థి ఒకరు ఆమె ముక్కు పెద్దదనీ, కాళ్ళు లావనీ అంటారు. ఆమె ఆరోగ్యవంతురాలు, తెలివైనది, పనిమంతురాలు. అవేవీ ఎవరి కంటికీ ఆనవు. సలహాలు మాత్రం అన్ని వైపుల నుంచీ వచ్చి పడతాయి. ఈ కవితలో అన్నీ ఆమెకు ఇతరులు చేసేవే. తనంతట తాను చేసేవి రెండే: అందరికీ క్షమాపణ చెప్పుకోవడం, చివరికి ఆ ముక్కూ కాళ్ళూ కోసి ఇచ్చేయడం. ఆమె మంచితనం అరిగిపోయిందని చెప్పడానికి కవయిత్రి ఎంచుకున్న ఉపమానం కారు ఇంజన్‌లోని ఫ్యాన్ బెల్టు. పియర్సీ పుట్టింది కార్ల నగరం డెట్రాయిట్‌లో. పువ్వునో వెన్నెలనో తేకుండా యంత్రం విడిభాగాన్ని తేవడంలోనే ఆమె తీర్పు ఉంది. శవపేటికలో రంగులద్ది, మైనం లాంటి ముద్దతో ముక్కు పెట్టాక గానీ అందరూ ఆ అమ్మాయిని అందగత్తె అనరు. కవయిత్రి ఎక్కడా గొంతు పెంచదు. కోపం తెచ్చుకోవడం పాఠకుడి బాధ్యత అవుతుంది.

ఈ కవిత అతిశయోక్తి అనేవారున్నారు. అతిశయోక్తి మన అలంకారశాస్త్రం ఎప్పుడో ఒప్పుకున్న సాధనం. ఒక్కసారిగా కనబడని నష్టాన్ని కళ్ళముందు పెట్టడానికి ఇక్కడ అది అవసరమైంది. అందాన్ని వర్ణించడం కవిత్వానికి సహజం కదా అన్నది మరింత గట్టి అభ్యంతరం. మన ప్రబంధ కవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించారు, ఆ పద్యాల సొగసును కాదనలేం. అయితే అవయవాలను ఒక్కొక్కటిగా ఎంచే ఆ చూపే పెళ్ళిచూపుల్లో పరీక్షగా మారుతుంది. ఈ కవిత తప్పుపట్టేది అందాన్ని కాదు, అవయవాల లెక్కే మనిషి అనుకోవడాన్ని.

ఆ చూపును తెలుగులో నిలదీసిన కవయిత్రులు మనకూ ఉన్నారు. జయప్రభ ‘చూపులు’ చదవండి. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం ‘నీలి మేఘాలు’ తిరగేయండి. ఒక్కో కవితనూ పైకి చదువుతూ, ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరికి మాట్లాడే వీలు లేకపోయిందో గుర్తించండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆమెతో కలిసి చదవండి, ఆమె చెప్పేది ముందు వినండి.