మాట పడిపోవుటలో భేదములు



"పక్షవాతము తగిలి మాట పడిపోయినది" అని పల్లెలలో వాడుక. ఆ ఒక్క మాట క్రింద వేరువేరు వ్యాధులు దాగియున్నవి. వానిని వేరుచేసి చూడనిచో రోగికి వైద్యమందేగాక వ్యవహారమందును అన్యాయము జరుగును.

భర్తృహరి వాక్యపదీయమున వాక్కును పశ్యంతి, మధ్యమ, వైఖరి యని మూడుగా చెప్పెను. నోరు కదలకమునుపే బుద్ధిలో పదములు వరుసగా కూడుట మధ్యమ. అదియే కంఠ తాలు దంతోష్ఠముల ద్వారా ధ్వనియై చెవికి వినవచ్చుట వైఖరి. ఆయన చెప్పినది వైద్యము కాదు. అయినను నేటి భేదమును గ్రహించుటకు ఆ మెట్లు చక్కగా ఉపకరించును.

నాలుక, పెదవులు, గొంతు కదల్చు నరముల త్రోవ చెడినపుడు చెడునది వైఖరి మాత్రమే. దీనిని డిసార్థ్రియా యందురు. మాట ముద్దముద్దగా వచ్చును. కాని రోగి విన్నది గ్రహించును. చదువు వచ్చి, చేయి ఆడినచో పలకమీద తప్పులేక వ్రాయును.

చెడినది మధ్యమ యైనచో అఫేసియా. ఇందు వ్రాతయు మాటతోడనే చెడును. 1861లో పారిస్ నగరమున బ్రోకా యను వైద్యుడు చూచిన రోగి "టాన్" అను శబ్దము తప్ప పలుకలేకుండెను. విన్నది మాత్రము చాలవరకు గ్రహించెడివాడు. మరణానంతరము చూడగా మెదడు ఎడమవైపు ముందుభాగము చెడియుండెను. ఆ రోగికి కోపము వచ్చినపుడు తిట్టు మాత్రము వచ్చెడిదట! అలవాటుపడిన తిట్లు, దైవనామములు, ఒకటి రెండు లెక్కలు ఇట్టివారి నోట అప్రయత్నముగా వెలువడును. "తిట్టుటకు నోరు వచ్చును గాని మాటాడుటకు రాదా?" అని ఇంటివారు నిందించుట తగదు, అది నటన కాదు.

1874లో వెర్నికే వర్ణించినది మరియొక విధము. మాట ధారగా వచ్చును, అర్థముండదు. ఎదుటివారి మాటయు బోధపడదు. చెంబు అనబోయి గొడుగు అనును, తప్పని యెరుగడు. ఇట్టివానికి గాలి సోకెననియో, మతి చలించెననియో తలచుట కద్దు. అందరిలో మిక్కిలి అన్యాయమునకు గురియగువాడితడే.

భాష పోవుట వేరు, బుద్ధి పోవుట వేరు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము పక్షవాతము తగిలిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటించెను. రెండు మూడు భాషలు వచ్చినవారిలో 40.5 శాతమునకు, ఒక్క భాషయే వచ్చినవారిలో 19.6 శాతమునకు బుద్ధిశక్తులు చెడలేదు. అఫేసియా మాత్రము ఉభయులకును ఇంచుమించు సమానమే. తెలుగు, ఉర్దూ రెండును వచ్చిన తెలంగాణపు వృద్ధులకు ఇది గమనింపదగిన విషయము.

ఇక పట్టాలు, వీలునామాలు. అఫేసియా కలవాడు "అవును" అన్నంతమాత్రమున వేలిముద్ర వేయించుట తగదు. కాదనబోయి అవుననుట ఇందు సామాన్యము. "పొలము పెద్దవానికా?" అని యడిగి, కొంతసేపటికి "చిన్నవానికా?" అని యడుగవలెను. రెంటికిని తల యూపినచో అది సమ్మతి కాదు. డిసార్థ్రియా రోగిని మాట తెలియలేదని త్రోసివేయుటయు అంతే తప్పు. వాని సంకల్పము చెడలేదు.

మాట హఠాత్తుగా తడబడి అరగంటలో సర్దుకొన్నను 108కి ఫోను చేయవలెను. గడ్డ కరగించు మందు నాలుగున్నర గంటల లోపలనే ఇత్తురు. పిమ్మట ఇంటివద్ద గట్టిగా కేకలు వేయనక్కరలేదు, రోగి చెవిటివాడు కాడు. చిన్న వాక్యములు పలికి, బదులునకు వ్యవధి యిచ్చిన చాలును. తిరుమలగిరి వంటి గ్రామమున గ్రంథాలయములోని పిల్లల బొమ్మల పుస్తకమును ముందుంచినచో, రోగి వ్రేలితో చూపి నీళ్లో, అన్నమో అడుగగలడు.