మెల్ల అదృష్టం కాదు



కంటి డాక్టరును కాబట్టి శుక్లాల గురించి చెబుతానని మీరంతా అనుకుని ఉంటారు. ఈరోజు మీ గురించి కాదు, మీ మనవళ్ల గురించి. పసిబిడ్డ కన్ను ముక్కువైపు తిరుగుతుంటే 'మెల్ల అదృష్టం, పెద్దయితే అదే సర్దుకుంటుంది' అని తీర్పు చెప్పేది ఇంట్లో తాతా అవ్వే. తల్లిదండ్రులు ఆస్పత్రికి బయల్దేరినా ఆ మాటతో ఆగిపోతారు.

రెండు కళ్లూ ఒకేచోట చూస్తే మెదడు రెండు బొమ్మల్నీ ఒకటి చేసుకుంటుంది. పెద్దవాళ్లకు ఉన్నట్టుండి కన్ను తిరిగితే ఒక్కటి రెండుగా కనిపిస్తుంది. పసిబిడ్డకు అలా కాదు. తిరిగిన కంటి బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది. ఎప్పుడూ అదే కన్ను తిరుగుతుంటే దానికి చూపు ఎదగదు. దీన్నే లేజీ ఐ అంటాం. రెండో కంటితో బిడ్డ చక్కగా ఆడుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మొదటి మూడు నాలుగు నెలల్లో కళ్లు అప్పుడప్పుడు అటూ ఇటూ పోతే కంగారు లేదు. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పిల్లలకు మెల్ల లేకున్నా ఉన్నట్టుంటుంది. నాలుగు నెలలు దాటాక కూడా తిరుగుతుంటే చూపించాలి. కంటిపాప తెల్లగా మెరిస్తే మాత్రం ఒక్కరోజు ఆగొద్దు. కంటిలోని క్యాన్సరు కావచ్చు.

రెండు మూడేళ్లప్పుడు మొదలయ్యే మెల్లకు చాలాసార్లు కారణం ప్లస్ పవరు. స్పష్టంగా చూడడానికి బిడ్డ కంటిని బిగబడుతుంది, ఆ బిగింపుతో కన్ను లోపలికి పోతుంది. సరైన అద్దాలు పెడితే చాలామందికి కన్ను నిలబడుతుంది, ఆపరేషనే అక్కర్లేదు. గొడవంతా ఇక్కడే. అద్దాలు తీయగానే కన్ను మళ్లీ తిరుగుతుంది. 'అద్దాల వల్లే ఎక్కువైంది' అని బీరువాలో పెట్టేస్తారు. ఆడపిల్లయితే మరీనూ, మూడో ఏటే పెళ్లి సంబంధాల బెంగ! స్నానానికీ నిద్రకూ తప్ప ఆ అద్దాలు తీయకూడదు.

చూపు తగ్గిన కన్నుకు పని చెప్పాలంటే మంచి కన్ను మీద పట్టీ వేయాలి. చాలామందికి రోజుకు రెండు గంటలు చాలు, చూపు బాగా తగ్గితే ఆరు గంటలు. ఏడెనిమిదేళ్లలోపు బాగా పనిచేస్తుంది, తర్వాత ఫలితం తగ్గుతూ పోతుంది. బిడ్డ ఏడుస్తుంది, పీకేస్తుంది. తల్లికి వంటపని. కథలు చెప్పి ఆ రెండు గంటలు గడిపించగలిగేది మీరే.

ఆరు నెలలలోపే వచ్చిన పెద్ద మెల్లకు సాధారణంగా ఆపరేషనే దారి. రెండేళ్లలోపు చేస్తే రెండు కళ్లూ కలిసి పనిచేసే అవకాశం ఎక్కువ. కన్ను బయటికి తీసి పెడతారని కొందరి భయం. తీయరు, కంటిని తిప్పే కండరాన్ని కాస్త జరిపి కుడతారంతే. పెళ్లికి ముందు పాతికేళ్ల కుర్రాణ్ణి తీసుకొస్తే కన్ను నిలబెట్టగలం, చిన్నప్పుడు ఎదగని చూపును తేలేం.

మనకు దూరమేమీ కాదు. గూడూరులో రైలెక్కితే మద్రాసు, అక్కడ డాక్టర్ బద్రీనాథ్ 1978లో పెట్టిన శంకర నేత్రాలయ. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి, ప్రభుత్వ సరోజినీదేవి ఆస్పత్రి ఉన్నాయి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నాయి.

రేపు ఇంటికెళ్లి ఒక పని చేయండి. బిడ్డ బొమ్మ చూస్తుండగా ఒక కన్ను అరచేత్తో మూయండి, తర్వాత రెండోది. ఒక కన్ను మూస్తే ఊరుకుని, ఇంకోటి మూయగానే ఏడ్చి చేయి తోసేస్తే, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.