పరరాష్ట్ర విద్యకు పరభాషా జ్ఞానము



విశ్వవిద్యాలయములలో అంతర్జాతీయ సంబంధముల శాస్త్రమును చదువు విద్యార్థి, ఆంగ్లము గాక మరియొక విదేశభాషను నేర్చి, అందు పరీక్ష నెగ్గిన పిమ్మటనే పట్టమునకు అర్హుడు కావలయునా, అక్కరలేదా? ఇదియే నేటి మన ప్రశ్న. కావలయుననియే మా నిశ్చితాభిప్రాయము.

న్యాయవాదులమగు మాకు మాట బరువు నిత్యానుభవము. దస్తావేజులో 'వచ్చును' అనుచోట 'వలయును' అని పడెనేని ఆస్తి చేతులు మారును. రాజ్యముల నడుమ నట్లు జరిగినచో రక్తము ప్రవహించును. 1889లో ఇథియోపియా ప్రభువగు రెండవ మెనెలిక్ ఇటలీతో వుచాలే సంధి చేసికొనెను. ఇతర రాజ్యములతోడి వ్యవహారములకు ఇటలీ సహాయము పొందవచ్చునని పదునేడవ ప్రకరణపు అంహారిక్ ప్రతి చెప్పెను. ఆ వ్యవహారములను ఇటలీ ద్వారా నడుపుటకు ఆయన సమ్మతించెనను అర్థము ఇటాలియను ప్రతి నుండి తీయబడెను. దానిని పట్టుకొని ఇథియోపియా తన రక్షణలోని రాజ్యమని ఇటలీ లోకమునకు చాటెను. 1893లో మెనెలిక్ ఆ సంధిని త్రోసిపుచ్చెను. 1896లో అడ్వా రణరంగమున ఇటలీ సేన ఓడిన తరువాతనే ఆ వివాదము తీరెను. ఉభయ భాషలు నెరిగి రెండు ప్రతులను సరిపోల్చువాని విలువ ఎంతయో దీనివలన తేటపడుచున్నది.

మన గడ్డ చరిత్రయు ఇదియే బోధించుచున్నది. 1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాలను కుంఫిణీవారు స్థాపించినది తమ యువోద్యోగులకు దేశభాషలు నేర్పుటకే. 1817లో వచ్చిన బ్రౌను దొర తెలుగు నేర్చి, 1852లో నిఘంటువును ప్రకటించెను. ఏలవచ్చినవారికే పరభాష నేర్వక తప్పలేదు. సమానులుగా కూర్చుండి మాటలాడబోవు మన యువకులకు అది అక్కరలేదనుట యెట్లు?

నేడు భారత విదేశాంగ సేవలో ప్రవేశించినవారు తమకు కేటాయింపబడిన విదేశభాషలో పరీక్ష నెగ్గవలసియున్నది. 1919లో స్థాపితమైన అమెరికాలోని జార్జిటౌను విదేశాంగ సేవా విద్యాలయము పట్టభద్రులకు ఆధునిక విదేశభాషా ప్రావీణ్యమును నియమముగా పెట్టినది. ఉద్యోగికి అవసరమైనది, ఆ శాస్త్రమున పండితుడై పరదేశముల గూర్చి తీర్పు చెప్పబోవువానికి అవసరము కాకపోవునా?

ఆంగ్లము చాలునని కొందరందురు. ఆంగ్లము మాత్రమే ఎరిగినవాడు చైనాను ఆంగ్లేయుల కన్నులతోను, అరబ్బు దేశములను అమెరికా పత్రికల కన్నులతోను చూచును. స్వరాజ్యము వచ్చినను చూపు అరువుదే యగును. అనువాదయంత్రములు కలవు గదా యని మరికొందరందురు. యంత్రము అర్థము చెప్పును, నిజమే. అది తప్పినదని కనిపెట్టుటకు మాత్రము భాష నెరిగిన మనుష్యుడే కావలయును.

మూడవ ఆక్షేపణ బరువైనది. పల్లెలో తెలుగున చదివి, ఆంగ్లముతోనే పెనుగులాడుచున్న బీద విద్యార్థిపై మరియొక భారమా? ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. అమెరికా ప్రభుత్వ విదేశాంగ శిక్షణాలయము తన దేశీయులకు అరబ్బీ, చైనా, జపాను, కొరియా భాషలలో వృత్తికి తగిన నేర్పు కలుగుటకు సుమారు 2200 గంటల బోధన కావలయునని లెక్కించినది. అంతటి చదువును ఎం.ఏ. రెండేండ్లలో తురిమి, గురువును చూపక పరీక్ష మాత్రము పెట్టుట అన్యాయము. అట్టి నియమము ధనికుల బిడ్డలకు ద్వారమును, బీదలకు గోడయు నగును.

కావున మా కోరిక నాలుగు మాటలు. బోధన బి.ఏ. మొదటి యేటనే ఆరంభము కావలయును. ప్రత్యేక రుసుము ఉండరాదు. విద్యార్థి ఏ ప్రాంతమును పరిశోధింపనెంచునో ఆ ప్రాంతపు భాషనే ఎంచుకొను స్వేచ్ఛ యుండవలయును. ఆచార్యులు కొరవడినచోట హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము వంటి సంస్థల తోడ్పాటు పొందవలయును. ఈ ఏర్పాటులు ముందు, నిర్బంధము తరువాత.

తెలుగు బిడ్డకు ఆంగ్లమే పరభాష. ఒక పరభాషను జయించినవానికి రెండవది అసాధ్యము కాదు. పొరుగువాని మాటను పొరుగువాని నోటనే వినగలుగుట జాతి స్వాతంత్ర్యములో నొక భాగమని గ్రహించి, ఈ కోరికను విశ్వవిద్యాలయాధికారుల చెవికెక్కించుడని సభవారిని ప్రార్థించుచున్నాము.