ఊరి పన్ను - పల్లె బడి



పల్లెలోని బడి ఎట్లు నడచుచున్నదో తెలిసికొనవలెనన్నచో ఉపాధ్యాయునొక్కని ప్రశ్నించిన చాలదు. ఆ ఊరి పన్నుల లెక్కయు, ఊరివారికి చేతిలో సొమ్మాడు నెలలును తెలియవలయును. ఈ మూటికిని గల సంబంధమును వాడరేవు, చీరాల ప్రాంతమును ఆధారముగా గొని నేడు మనవి చేసెదను. ఒక ప్రక్క వలలు, ఒక ప్రక్క మగ్గములు, పడమటగా పోయినచో ప్రత్తి, మిరప చేలు. ఇన్ని వృత్తులవారి బిడ్డలు చదువుకొను సీమ యిది.

పన్నును గూర్చి ఈ సీమవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. చెన్నపురి ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసినప్పుడు అందలి జనసంఖ్య ఇంచుమించు 15,000. అంతవరకు ఏటా నాలుగు వేల రూపాయలుగా నున్న పన్ను దాదాపు 40,000 రూపాయల కెక్కినదని చరిత్రకారులు వ్రాసిరి. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ప్రజలకు నాయకులై నిలిచిరి. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసెను. పిదప సుమారు 13,000 మంది ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేరిట పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. నాయకుడు కారాగారమున నుండగా, ఎండవానల కోర్చి, తుదకు ఊరు చేరిరి.

దీనిని పన్ను కట్టనొల్లని వారి కథగా భావించుట పొరపాటు. పాకలలో వారు పడిన కష్టము పన్నుకంటె తక్కువైనది కాదు. వారు కాదన్నది వ్యయమును కాదు. తమ్మడుగక, తమకు ప్రతిఫలము చూపక తమపై మోపిన వ్యయమును. ఇచ్చిన రూపాయి ఎచటికి పోయినదో కన్నులార చూచిన ఊరు, మరునాడు రెండవ రూపాయి ఈయ వెనుదీయదు. బడి విషయమున ఈ సత్యమును మనము మరచితిమి.

ఆ దినములలోనే, 1920లో, మదరాసు ప్రాథమిక విద్యాశాసనము వెలువడి, ప్రాథమికవిద్యకై ప్రత్యేకముగా పన్ను విధించు అధికారమును స్థానిక సంస్థల కొసగినది. బడికని వేరుగా పన్ను చెల్లించువాడు బడి సంగతి విచారించుట సహజము. నేటి యేర్పాటు వేరు. ఉపాధ్యాయుల జీతములు రాష్ట్ర ప్రభుత్వమునుండి వచ్చును. సమగ్రశిక్షా పథకపు వ్యయమున కేంద్రము నూటికి 60, రాష్ట్రము నూటికి 40 పాళ్లు భరించును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది గాని, సొమ్ము ఆ వెంట రాలేదు. ఇంటిపన్ను రసీదులో బడి పేరు కానరాదు. కావున ఊరివాడు బడిని సర్కారు సొత్తనుకొనును. సర్కారు దానిని లెక్కల పట్టికలోని యొక వరుసగా చూచును.

ఇది పాత పద్ధతికి మరలుడని చెప్పుట కాదు. జీతముల భారమును పేదపల్లె మోయజాలదు. మోయుమన్నచో ధనికగ్రామమునకు మంచి బడియు, బెస్తపల్లెకు చెడ్డ బడియు దక్కును. అది న్యాయము కాదు. జీతము ప్రభుత్వమే ఈయవలయును. ఆ జీతము వృథాపోకుండ చూచుట మాత్రము ఊరివలననే కాగలదు.

ఇక ఫలితముల మాట. పదవ తరగతిలో నూటికెందరు తేరినారో చెప్పి బడిని మెచ్చుటయో తిట్టుటయో మనకలవాటు. ఆ లెక్కలో పరీక్షకు కూర్చుండినవారే యుందురు. ఏడవ తరగతిలో వల లాగబోయిన బాలుడును, ఎనిమిదవ తరగతిలో మగ్గము చెంత కండెలు చుట్టుచు నిలిచిపోయిన బాలికయు ఉండరు. బలహీనులు ముందే తొలగిన బడికి గొప్ప ఫలితములు వచ్చుట అబ్బురమా? 1862లో ఇంగ్లండున పరీక్షాఫలితములను బట్టి బడికి సొమ్మిచ్చు విధాన మేర్పడెను. చెన్నపురి రాజధానిలోను ఫలితపు గ్రాంటులు నడచినవి. పరీక్షాధికారి వచ్చునాటికి పాఠము కంఠస్థము చేయించుట ఉపాధ్యాయుని ముఖ్యకార్యమైనది. సొమ్ము దేనిని కొలిచిన, బడి దానినే పండించును.

కావున కొలత మార్చవలయును. ఒకటవ తరగతిలో చేరిన బిడ్డలలో ఎందరు అయిదవ తరగతికి చేరిరి? చేరినవారిలో ఎందరు కథ నొకదానిని తడబడక చదువగలరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము ఊరిలోని ప్రతి తల్లికిని తెలియవలయును.

హాజరును నిర్ణయించునది పంచాంగమువలె తిరుగు ఊరి సంపాదన. తూర్పుతీరమున 2015 నుండి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, యంత్రపు పడవలపై చేపలవేట నిషిద్ధము. మన బడులు సాధారణముగా జూన్ 12వ తేదీన తెరవబడును. అనగా పుస్తకములకు, చెప్పులకు, ఆటో కూలికి చేయి చాచు దినముననే జాలరి యింట చిల్లిగవ్వ యుండదు. నిషేధకాలపు భృతిని 2019లో 10,000 రూపాయలకును, 2025లో 20,000 రూపాయలకును పెంచిరి. ఆ సొమ్ము బడి తెరచుటకు ముందే చేరినచో అది విద్యాసహాయమే యగును. అట్లే మిరపకోతల కాలమున కర్నూలు పడమటి పల్లెలనుండి కుటుంబములు గుంటూరు సీమకు వలస వచ్చును. సరిగా పరీక్షలు సమీపించు నెలలవి. తలిదండ్రులు చేలలో నుండగా వారి బిడ్డలు ఏ బడి పట్టికలోను ఉండరు.

ఊరు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది నీరు, మరుగుదొడ్డి. పదునైదవ ఆర్థికసంఘము 2021-26 కాలమున పంచాయతీల కిచ్చిన నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కేటాయించినది. పైతరగతుల బాలికలు బడిలో నిలుచుట కివి ముఖ్యములు. రెండవది లెక్క చదువుట. 2009 నాటి విద్యాహక్కు శాసనము ప్రకారము పాఠశాల నిర్వాహక సంఘమున నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులే. బడి అభివృద్ధి ప్రణాళిక వ్రాయు బాధ్యత వారిదే. ఆ ప్రణాళికను, వచ్చిన సొమ్మును, అయిన ఖర్చును గ్రామసభలో బిగ్గరగా చదివింపవలయును. మూడవది, రాని బిడ్డ యింటికి పోవుట. పది దినములు రాని బిడ్డ పేరు సంఘమువారి కంది, వారిలో నొకరు ఆ గుమ్మమున నిలువవలయును. దీనికి నిధులక్కరలేదు.

చీరాల, పేరాల ప్రజలు తమ్మడుగని పన్నును కాదనుటకు ఊరు విడిచిరి. నేడు మన బిడ్డలు ఎవరును అడుగకుండగనే బడి విడుచుచున్నారు. ఆ వలసకు సభలు లేవు, నాయకులు లేరు, పత్రికలలో పేరు లేదు. దానిని ఆపుటకు ఊరు విడువ నక్కరలేదు. ఊరిలోనే యుండి, ఏడాది కొక్కమారు బడి లెక్కను, ప్రతినెల హాజరు పట్టికను అడిగిన చాలును. అడుగుట అధిక్షేపము కాదు, పన్ను కట్టిన పౌరుని ధర్మము.