యంత్రము వాక్యమును చదువు విధము



హైదరాబాదు నగరమున అమీర్‌పేటలో మైత్రీవనము పరిసరములందలి శిక్షణాలయములకు తెలుగు గ్రామముల నుండి యువకులు పెక్కండ్రు వచ్చి కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. అందు మైక్రోకంట్రోలరు అను చిన్న యంత్రముచే పని చేయించుట యొకటి. అది అక్షరములను చదువు తీరు నేడు మనవిచేసెదను.

తాటియాకు ప్రతులలో పదముల నడుమ ఎడము లేకున్నను పండితుడు అర్థము నెఱిగి విడదీయును. యంత్రమునకు ఆ పాండిత్యము లేదు. గుర్తులే దానికి దిక్కు.

బండి యున్న తావును తెలుపు జి.పి.యస్. పరికరము ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, ఒక తీగపై అక్షరము వెంట అక్షరముగా వాక్యములను పంపును. వాక్యమునకు మొదట డాలరు గుర్తు, నడుమ అంశములను వేరుచేయు కామాలు, తుదను నక్షత్రపు గుర్తు, దాని వెనుక సరిచూచుకొనుటకు రెండక్షరముల లెక్క యుండును. వాక్యములు పలు తెఱగులు, పొడవులును వేఱు. కావున అక్షరములను గాక కామాలను లెక్కింపవలెను.

ఉపగ్రహములు అందని చోట పరికరము అక్షాంశమును వ్రాయదు. కామాలను మాత్రము విడువదు. సీ భాషలోని స్ట్ర్‌టాక్ అను సాధనము ప్రక్కప్రక్కనున్న కామాలను ఒక్కటిగా నెంచి ఖాళీని దాటిపోవును. పహాణీలో ఖాళీ గడిని విడిచి తరువాతి మాటను ముందునకు జరిపి చదివినచో శిస్తే విస్తీర్ణ మగును గదా! ఇదియు నట్టిదే.

వేగము రెండవ చిక్కు. ఆర్డుయినో ఊనో అను పలకలో వచ్చిన అక్షరములు ముందుగా 64 అక్షరములు పట్టు తొట్టిలో నిలుచును. వాక్యమో 82 అక్షరముల దాక నుండవచ్చును. సెకనుకు 960 అక్షరములు వచ్చుచుండగా, యంత్రము సెకనులో పదవవంతు వేఱొక పనిలో మునిగినను తొట్టి నిండి, పిమ్మట వచ్చినవి నశించును. కావున వచ్చిన అక్షరమును వెంటనే తీసి, డాలరు గుర్తుతో క్రొత్త వాక్యము నారంభించి, తుదిలెక్క సరిపోయిననే గ్రహింపవలెను.

ఇక అర్థము. అమీర్‌పేట అక్షాంశము 1726.25 అనునట్లు వచ్చును. అనగా 17 డిగ్రీల 26.25 నిమిషములు. జ్యోతిషమున 60 కళలు ఒక భాగ యైనట్లే, ఇచ్చట 60 నిమిషము లొక డిగ్రీ. ఇది మఱచి 17.2625 డిగ్రీలని చదివినచో అమీర్‌పేట సుమారు 19 కిలోమీటర్లు దక్షిణమునకు జరిగిపోవును. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి రోగిని గొనివచ్చు బండి కెదురుచూచువారికి ఆ దూర మెంతటిదో యోచింపుడు.

వేగమును తెలుపు వాక్యములో ‘ఏ’ యను నాంగ్లాక్షరము తావు నమ్మదగినదనియు, ‘వి’ నమ్మరాదనియు తెలుపును. పరికరము తెలియదని చెప్పుచుండగా, పాత తావునే నేటిదిగా చూపుట అసత్యము.

మీ పిల్లలు సెలవులకు వచ్చినపుడు, “ఖాళీ గడి వచ్చిన నీ యంత్ర మేమి చేయును?” అని యడుగుడు. లేనిదానిని లేదని చెప్పించు నేర్పు గలవాడు తన విద్యను చక్కగా నేర్చినవాడని తెలియుడు.