మొక్క కంటే ముందు నీరు

మడ అడవిని నరికితే చెట్లు పోవడమే కాదు, నేల కూడా కుంగుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒకప్పుడు కూపుల పద్ధతిలో, అంటే అడవిని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగంలోని చెట్లను, వరసగా కొట్టేశారు. నీడ పోయి ఎండ నేరుగా తగిలేసరికి బంకమట్టిలోని తేమ ఆరింది, నేల అణిగి పళ్లెంలా పల్లమైంది. పోటుకు అందులో చేరిన నీరు పాటుకు వెనక్కి పోలేక అక్కడే ఇగిరిపోయి ఉప్పును మిగిల్చింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ మడుగుల్లో ఎండాకాలానికి అది ఇంకా చిక్కబడుతుంది. మడ విత్తనాలు కొట్టుకొచ్చినా బతకవు. నరకడం మానేసిన తరువాత కూడా అడవి తనంతట తాను తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

ఈ కారణాన్ని పట్టుకుని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలోనూ, తరువాత ఆంధ్రతీరంలోనూ అటవీశాఖతో, ఊరివాళ్లతో కలిసి పనిచేసింది. వాళ్లు ముందు పట్టింది మొక్క కాదు, పార. దగ్గరి పాయ నుంచి పల్లంలోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే అది చేపముల్లులా ఉంటుంది. ఆటుపోట్లతో నీరు వస్తూ పోతూ ఉప్పును కడిగేస్తుంది. తెల్లమడ మొక్కను కాలువ అడుగున నాటితే మునుగుతుంది, గట్టు మీద నాటితే ఎండుతుంది. అందుకే వాలు మధ్యలో నాటుతారు. వేళ్లూనిన తెల్లమడ తన ఉప్పును తానే బయటికి నెట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఆకు మీద తెల్లని పలుకులు మెరుస్తాయి, నాలుకకు తగిలిస్తే ఉప్పదనం తెలుస్తుంది.

ఉప్పు పర్రల సంగతి వేరు. ఇలకూర అనే చిన్న మొక్క మాత్రమే పెరిగే ఎర్రని నేలలు, మొక్కే లేని బురద మేటలు చూసేవారికి ఖాళీగా కనిపిస్తాయి. అవి ఖాళీ కావు. కాకినాడ తీరానికి చలికాలంలో వలస వచ్చే ఉల్లంకి పిట్టలు బురదలోని పురుగులు తిని బతుకుతాయి. అలాంటి చోట మడ మొక్కలు నాటడం పునరుద్ధరణ కాదు, ఉన్న ఆవాసాన్ని చెరపడమే. లెక్కలో హెక్టార్లు చూపడానికి ఈ తప్పు చాలా దేశాల్లో జరిగింది, మొక్కలూ చచ్చాయి.

నాటిన రోజు ఫొటోతో పని పూర్తి కాదు. హద్దురాళ్లు వేసిన గళ్లలో ఏటా అదే నెలలో బతికిన మొక్కలను లెక్కించాలి, ఎత్తు కొలవాలి, నేలనీటిలో ఉప్పు చూడాలి. లోతుగా దిగ్గొట్టిన కడ్డీ ఆధారంగా మట్టి పేరుకుంటోందో, కుంగుతోందో మిల్లీమీటర్లలో గుర్తించాలి. సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో అన్నిటికన్నా విలువైన కొలత ఇదే. తెల్లమడతో పాటు తిల్ల, గుగ్గిలం లాంటి వేరే మడ జాతులు వాటంతట అవే మొలిస్తే అడవి నిలదొక్కుకుంటున్నట్టు. పీతలు, చేపపిల్లలు పెరిగాయా అన్నది రోజూ వల వేసే మత్స్యకారులకే ముందు తెలుస్తుంది. వారి మాట నమోదు కావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు 404 చదరపు కిలోమీటర్లని భారత అటవీ సర్వే 2017 నివేదిక, 405 అని 2021 నివేదిక చెప్పాయి. ఉపగ్రహం పచ్చదనాన్ని చూపుతుంది. ఆ ఆకుల కింద పిల్లకాలువ ఒండ్రుతో పూడుతోందని మాత్రం చెప్పదు. పూడిక తీయకపోతే నీరు మళ్లీ నిలుస్తుంది, ఉప్పు మళ్లీ పేరుకుంటుంది. పట్టాలు అందుకుంటున్న వృక్షశాస్త్ర, మత్స్యశాస్త్ర, సర్వే పట్టభద్రుల్లో కొందరైనా ఆ కాలువ గట్టుకు ఏటా వెళ్లి కొలవాలి, కొలిచింది ఆ ఊరి పంచాయతీకి తెలుగులో చెప్పాలి.