కరోనా కాలంలో కంటికి వచ్చిన ఆపద
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సమావేశంలో మేము జమాఖర్చులు చదువుతాము. ఈసారి ఆ పని కోశాధికారి గారికి అప్పగించి, కన్ను గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. కరోనా అంటే దగ్గు, జ్వరం, ఆయాసం అని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. కంటి దాకా మాత్రం ఎవరి ఆలోచనా పోలేదు. మాదీ పోలేదు.

నిజానికి ఈ రోగం కథలో కంటి డాక్టరు మొదటి నుంచీ ఉన్నారు. 2019 డిసెంబరులో, వుహాన్‌లో కొత్త జబ్బేదో మొదలైందని తోటి వైద్యులను హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్ కంటి డాక్టరే. నీటికాసుల జబ్బుతో వచ్చిన ఒక రోగి ద్వారా తనకు అంటుకుందని ఆయనే చెప్పారు. 2020 ఫిబ్రవరి 7న కన్నుమూశారు. ఆ మార్చి నెలలోనే చైనా వైద్యులు 38 మంది కరోనా రోగుల కండ్లు పరీక్షించిన వివరాలు ప్రకటించారు. వారిలో 12 మందికి కండ్లు ఎర్రబడడం, నీళ్ళు కారడం, పుసి కట్టడం కనిపించింది. ఆ పన్నెండు మందిలో ఎక్కువమంది జబ్బు ముదిరినవారే.

కంటికీ ముక్కుకూ ఏమిటి సంబంధమని అడగవచ్చు. కంటిలో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది కదా. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారుతుంది. కంటి మూల నుంచి ముక్కులోకి సన్నని కాలువ ఉంది, అందుకే. కంటికీ ముక్కు పక్కనుండే గాలి గదులకూ నడుమ ఉన్న ఎముక అయితే కాగితమంత పలుచన. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాము.

కరోనాతో వచ్చే మామూలు కండ్లకలకకు అంతగా భయపడనక్కరలేదు. చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. చేతులు కడుక్కోవాలి, తువ్వాలు వేరుగా పెట్టుకోవాలి. మన ఇండ్లలో ఇంకొకటుంది. సుర్మాదాని ఒకటే, సలాయి ఒకటే, తాత నుంచి మనుమడి దాకా అందరి కండ్లకూ అదే తిరుగుతుంది. కండ్లు ఎర్రబడ్డ రోజుల్లో దాన్ని పక్కన పెట్టండి. చనుబాలు, ఆముదం, ఉల్లిరసం కూడా కంట్లో పోయవద్దు. నిరుడు మిగిలిన చుక్కల సీసా ఈ ఏడు వాడకండి. ఇంతే. దీని కోసం మిమ్మల్ని ఇంత దూరం రప్పించేవాళ్ళం కాము.

అసలు మాట 2021 సంగతి. ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది, సరిగ్గా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో. మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. పండుగ 14న వచ్చింది. మీరిచ్చిన డబ్బుతో ఆక్సిజన్ మిషన్లు తెచ్చి ఊరూరా తిప్పాము. మందుల సంచులు కట్టి ఇంటింటికీ ఇచ్చాము. అందరూ మెచ్చుకున్నారు, పేపర్లో ఫోటో కూడా వచ్చింది. ఆ సంచుల్లో స్టెరాయిడ్ మాత్రలున్నాయి. ఎవరో ఫోనులో పంపిన చీటీని చూసి కొన్నాము. ఏ డాక్టరునూ అడగలేదు.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఆక్సిజన్ అవసరమైన రోగికి ప్రాణం నిలబెడుతుందని 2020 జూన్‌లోనే బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. అదే పరిశోధన, ఆక్సిజన్ అక్కరలేనివారికి దానివల్ల మేలు లేదని కూడా చెప్పింది. మనం మొదటి సగమే విన్నాము. ఆ మాత్ర రక్తంలో షుగర్ పెంచుతుంది, ఒంటి రక్షణ శక్తిని తగ్గిస్తుంది. ఆ అదను చూసి బూజు దూరుతుంది.

దేవరకొండ వైపు ఒక ఆటో సోదరుడు. పేరు చెప్పము. మా సంచి అందిన ఇండ్లలో వారిదీ ఒకటి. జ్వరం తగ్గి లేచి తిరుగుతున్నాడు. పది పన్నెండు రోజులకు ఒకపక్క దవడ గుంజడం మొదలైంది. పన్ను నొప్పి అనుకున్నారు. ముక్కు ఒకవైపు మూసుకుపోయింది. జలుబు అనుకున్నారు. కనురెప్ప ఉబ్బి వాలిపోతే కండ్లకలక అనుకున్నారు. అలా నాలుగు రోజులు పోయాయి. పండుగ నాడు ఒకటి రెండుగా కనిపిస్తున్నాయని ఆయన భార్య మాకు ఫోన్ చేసింది. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లకు పైనే. డాక్టరు దగ్గరికి పోయే బండిని ఎవరూ ఆపరు గానీ, బండి దొరకాలి, డ్రైవరు రావడానికి ఒప్పుకోవాలి. మరునాడు తెల్లవారి గానీ బయలుదేరలేదు.

దాన్నే అందరూ బ్లాక్ ఫంగస్ అన్నారు. వైద్యులు మ్యూకర్‌మైకోసిస్ అంటారు. ఆ బూజు నల్లగా ఉండదు. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. రక్తనాళాల్లోకి దిగి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ముక్కు గదుల్లో మొదలై, ఇందాక చెప్పిన ఆ కాగితం లాంటి ఎముకను దాటి కంటిగూటిలోకి వస్తుంది, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అది తెలియక ఆ ఇంటికి నీళ్ళ బిందె కూడా ఇవ్వని ఇరుగుపొరుగును చూశాము.

ఆ మే నెలలోనే ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. కోఠిలోని ఈఎన్‌టీ దవాఖానను దీనికి ముఖ్య కేంద్రం చేసింది. కరోనా ఇంకా తగ్గనివారికి గాంధీలో చికిత్స జరిగింది. మందు పేరు లైపోసోమల్ యాంఫోటెరిసిన్. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున లెక్క వేస్తే, 60 కిలోల మనిషికి 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు ఆరు కావాలి. అలా వారాల తరబడి. ఒక్కో సీసా వేల రూపాయలు, అదీ దొరికితే. జూన్ 12న దాని మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. కానీ పన్ను పోయినంత మాత్రాన సరుకు రాదు. ఆ సీసాల కోసం మేము చేసిన ఫోన్లు, మీలో కొందరు అర్ధరాత్రి పంపిన డబ్బు మరచిపోలేము.

ఆ సోదరుడు బతికాడు. కన్ను తీసేశారు.

దవాఖాన నుంచి వచ్చాక చూడబోయాము. ఆయన భార్య చాయ్ ఇచ్చి ఒక మాట అన్నది: "అన్నా, ఊపిరి మిషన్ తెచ్చిన్రు, మందులు తెచ్చిన్రు. ఈయనకు షుగర్ ఉందని దవాఖానల సూది ఏసినంక తెలిసింది. ఆ మిషన్ ఎవ్వరూ తేకపాయె." కోపంగా అనలేదు. మా దగ్గర జవాబు లేదు.

తర్వాత హైదరాబాద్‌కు చెందిన కంటి వైద్యులు డాక్టర్ సంతోష్ హోనావర్, దేశమంతటి నుంచి తోటి వైద్యులతో కలిసి 2826 మంది రోగుల వివరాలు ప్రచురించారు. నూటికి 78 మందికి షుగర్ ఉంది. నూటికి 87 మంది స్టెరాయిడ్ వాడారు. సగానికి పైగా రోగులకు కరోనా బయటపడిన పద్నాలుగు రోజుల లోపే లక్షణాలు మొదలయ్యాయి. అంటే జ్వరం తగ్గింది, గండం గడిచిందనుకునే వారంలోనే. చదువుతుంటే దేవరకొండ ఇల్లే కండ్ల ముందు కనబడింది.

కాబట్టి ఇంటికి వెళ్ళి ఇది చెప్పండి. రెండు కండ్లూ ఎర్రబడి నీరు కారితే ఒకటి రెండు రోజులు చూడవచ్చు. షుగర్ ఉన్నవారికి, లేదా స్టెరాయిడ్ వాడినవారికి, ఒకపక్క ముఖం నొప్పి, ముక్కులోంచి నల్లటి స్రావం, పై పండ్లు కదలడం, రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనబడడం, చూపు మందగించడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. షుగర్ మందు మానవద్దు. స్టెరాయిడ్ మాత్ర డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టవద్దు, చెప్పకుండా ఆపవద్దు.

ఇక డబ్బు మాట. ఇప్పుడు మా కార్యకర్తలందరికీ షుగర్ చూసే మిషన్లు ఇచ్చాము. మిషన్ ఒకసారి కొంటే చాలు. స్ట్రిప్పులు మాత్రం ప్రతి నెలా కావాలి. అంబులెన్సు మీద, ఆక్సిజన్ మిషన్ మీద దాత పేరు రాయవచ్చు. స్ట్రిప్పు మీద ఎవరి పేరూ పట్టదు, వాడి పారేస్తారు. అందుకే ఆ పద్దుకు చందా తక్కువ వస్తోంది. దాచడం ఎందుకు, ఉన్నమాట ఇది. అర్ధరాత్రి బండికి అయ్యే డీజిల్ పద్దు కూడా అంతే. ఆ ఒక్క కన్నుకు మనమంతా కలిసి పెట్టిన ఇంజక్షన్ల ఖర్చుతో ఎన్నో ఊళ్ళకు ఏళ్ళ తరబడి స్ట్రిప్పులు కొనవచ్చు. ఆ సోదరునికి కృత్రిమ నేత్రం పెట్టించాలి. ఒంటి కంటికి దూరం సరిగా అందదు గనుక ఆటో నడపడం మానేశాడు. చిన్న దుకాణం అడుగుతున్నాడు. ఆ అర్జీ ఇవాళ కమిటీ ముందు ఉంది.

హాలు వెనుక తలుపు దగ్గర మా పిల్లలు ఇద్దరు బల్ల వేసుకుని కూర్చున్నారు. భోజనాలకు వెళ్ళేముందు అక్కడ ఒక్కసారి వేలు ఇచ్చి వెళ్ళండి. రెండు నిమిషాలు పడుతుంది.